కలలో తోసిన మనిషి

రొట్టెలక్క పగలు నిద్రపోయే మనిషి. అది బద్ధకం కాదు, ఉద్యోగం. ఊరంతా పడుకున్నప్పుడు పిండి కలిపి, పొయ్యి రాజేసి, తెల్లారేసరికి ఆరు వందల రొట్టెలు బల్లల మీద పేర్చేది. జనం లేచి పళ్లు తోముకునే వేళకు ఆమెకు కళ్లు వాలిపోయేవి. అలాంటి మనిషిని "ఇంకా పడుకున్నావా?" అని ఎవరైనా అడిగితే ఒళ్లు మండేది. మండితే దాచుకునే రకం కాదు. "పొద్దున మీరు తిన్న రొట్టె ఎవరు కాల్చారనుకున్నారు?" అని మొహం మీదే అడిగేసేది.

పంతొమ్మిదో ఏట ఆమె ఆ బేకరీలో అడుగు పెట్టింది. అక్కడి పొయ్యి మేస్త్రినే పెళ్లి చేసుకుంది. సన్నటి మనిషి. ముప్పై ఏళ్ల వేడికి కనుబొమల వెంట్రుకలు ఎప్పుడో రాలిపోయాయి. ఆయన చేతికి కొలత పరికరాలు అక్కర్లేదు. పిడికెడు పిండి పొయ్యిలోకి చల్లి, అది ఎర్రబడేలోపు ఎన్ని అంకెలు లెక్కపెట్టాడో చూసుకుని వేడి ఎంతుందో చెప్పేసేవాడు. ఆయన జీవితమంతా కలిపి చూస్తే ఒకే వాక్యం తేలుతుంది: "తలుపు వెయ్యి, వేడి పోతుంది." ఇటుకల పొయ్యికి ఇనప తలుపు ఉంటుంది కాబట్టి బేకరీలో ఆ మాట న్యాయమే. ఇంట్లో కూడా అదే పాట. బీరువా తెరిచినా అదే, ఎండాకాలం వీధి తలుపు తెరిచినా అదే. చుట్టాలు గుమ్మంలో నిలబడి వీడ్కోలు చెబుతున్నా లోపల్నుంచి ఆ మాటే వినపడేది. చుట్టాల్లో కొందరు నొచ్చుకున్నారు, కొందరు రావడం మానేశారు.

పిల్లలు కలగలేదు. దాని గురించి అడిగినవాళ్లకు రొట్టెలక్క దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ఉన్నారుగా, రోజుకు ఆరు వందలమంది. తెల్లారేసరికి పెద్దవాళ్లై వెళ్లిపోతారు."

ఆమెకు పొయ్యి మీద మనసు. పద్దెనిమిదేళ్లు పిండి పిసుకుతూ, ఓరకంటితో ఆయన పని చూస్తూ మొత్తం నేర్చేసుకుంది. ఆయన మాత్రం ఆమెను పొయ్యి దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "నీది పిండి, నాది నిప్పు. ఎవరి పని వాళ్లది" అనేవాడు. ఒకరోజు ఆయన టీ తాగి వచ్చేలోపు ఆమె పొడుగుపిడి పారతో ఒక వరస రొట్టెలు లోపలికి తోసింది. బాగానే కాలాయి. ఆయన వచ్చి, చూసి, పనివాళ్లందరి ముందూ ఆ వరస మొత్తం బయటికి లాగి నేల మీద పడేశాడు. రొట్టెలక్క ఒక్క మాట కూడా అనలేదు. ఆమె మాట్లాడకపోవడం పనివాళ్లు అప్పుడే మొదటిసారి చూశారు.

ఆ మధ్యాహ్నం ఆమెకు కల వచ్చింది. ఆయన పొయ్యి ముందు వంగి ఉన్నాడు. ఆమె వెనకనుంచి వెళ్లి, రెండు చేతులూ ఆయన వీపుకు ఆనించి, లోపలికి తోసేసింది. ఏ తడబాటూ లేదు. పైగా లోపలినుంచి ఆయన ఏదో అన్నాడు, ఆ మాటకు కలలోనే ఆమెకు నవ్వొచ్చింది. నిద్రలేచాక తనంటే తనకే భయమేసింది. తోసినందుకు కాదు, నవ్వినందుకు.

సరిగ్గా పద్దెనిమిదో రోజు తెల్లవారుతుండగా ఆయన పొయ్యి ముందు కూర్చుండిపోయాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, ఏదో మరిచిపోయినవాడిలా అటూ ఇటూ చూశాడు. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందని డాక్టరు కాగితం మీద రాశాడు. వారం తిరక్కుండానే యజమాని పొయ్యిని ఆమెకే అప్పగించాడు. ఆ పొయ్యి సంగతి తెలిసిన మనిషి ఇంకెవరూ లేరు మరి. ఎవరిని తోసిందో వాళ్ల చోటే ఆమెకు దక్కింది. ఆమె ఏ కాగితాన్ని నమ్మగలదు?

అప్పటినుంచి నిద్ర పోయింది. పోయిందంటే పూర్తిగా పోయింది. కళ్లు మూస్తే ఈసారి ఎవరిని తోస్తానో అని భయం. ఆడపడుచుని చూస్తే మరీ భయం. ఆయనకు ఒక్కతే చెల్లెలు, అన్నంటే ప్రాణం. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ఆయా. మొగుడు వదిలేసి వెళ్లిన రోజు అన్న వచ్చి పెట్టె మోసుకుంటూ ఇంటికి తీసుకొచ్చాడని వెయ్యిసార్లు చెప్పుకుంది. అన్న పోయాక వదినను ఒంటరిగా వదల్లేక అదే ఇంట్లో ఉండిపోయింది. రొట్టెలక్కకు మిగిలిన ఒకే ఒక్క మనిషి ఆమె. ఆమెకు ఆ కల సంగతి చెప్పడం కంటే నాలుక కోసుకోవడం నయమనిపించేది.

వదిన కళ్లకింద నలుపు చూసి ఆడపడుచే ఒకరోజు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. "రా, నిద్రపోయే చోటు చూపిస్తా."

తీసుకెళ్లింది బౌద్ధ ధ్యానశాలకి. తాళాల కొట్టుకూ సైకిళ్ల కొట్టుకూ మధ్య మెట్లెక్కితే పైన పొడవాటి హాలు, దాని వెనక తూర్పుగది. హాల్లో ముప్పై నలభైమంది కళ్లు మూసుకుని కూర్చునేవారు. తూర్పుగదిలో కిటికీలకు మందపాటి నల్లగుడ్డ, నేల మీద ఎనిమిది చాపలు, గోడకి ఎనిమిది మేకులు, ఒక మూల నీళ్లకుండ. రాత్రి పని చేసేవాళ్లు పొద్దున ఎనిమిదినుంచి మూడు దాకా అక్కడ నిద్రపోవచ్చు. ధ్యానం చేసేవాళ్ల పక్కగది కంటే నిశ్శబ్దమైన చోటు ఊళ్లో ఇంకెక్కడ దొరుకుతుంది?

ఆ గది పెట్టింది భిక్షుణమ్మ. బోడిగుండు, గోధుమరంగు వస్త్రం, రోజూ కడిగే ఒకే ఒక్క గిన్నె. అంతే ఆవిడ సంసారం. అక్కడ అందరూ ఆయా అని పిలిచే ఈ ఆడపడుచు ఒకసారి ధ్యానంలో కునికిపాట్లు పడుతుంటే పక్కవాళ్లు మూతి విరిచారట. భిక్షుణమ్మ లేచి చాప తెచ్చి, "కూర్చుని నిద్రపోతే మెడ పడుతుంది. పడుకునే పోవమ్మా" అన్నదట. ఆ ఒక్క చాపతో మొదలై ఎనిమిదయ్యాయి. వాచ్‌మన్ తాత గురక గోడ దాటి హాల్లోకి వస్తోందని ఎవరో ఫిర్యాదు చేస్తే, "అదీ శ్వాసే కదా. దాన్నే గమనించండి" అన్నది. ఫిర్యాదు చేసినాయన నెల్లాళ్లు వాచ్‌మన్ తాత గురక మీద ధ్యానం చేశాడు.

ఆ గదికి రెండే పద్ధతులు. పడుకునే ముందు అందరి మేలూ కోరుకోవాలి, అదీ మనకు గిట్టనివాళ్లతో మొదలుపెట్టాలి. లేచాక కల ఏదైనా వచ్చి ఉంటే నీళ్లకుండ దగ్గర చెప్పుకోవచ్చు, కానీ విన్నవాళ్లు అర్థం చెప్పకూడదు. చివరివరకు విని "అయిపోయింది" అనాలి. చెప్పినవాళ్లు నీళ్లు తాగి పనిలోకి వెళ్లిపోవాలి. బస్సులు కడిగే ఆయనకు నీళ్లు లేని ఊరు వచ్చేది. అయిపోయింది. వాచ్‌మన్ తాతకు తాళంచెవుల గుత్తి పోయేది. అయిపోయింది. రాత్రంతా ఫోన్లో జనం తిట్లు తినే ఫోన్లమ్మాయికి మాత్రం, తిట్టినవాళ్లంతా వరసలో నిలబడి క్షమాపణ చెప్పినట్టు వచ్చింది. దానికి అయిపోయిందనడానికి ఎవరికీ నోరు రాలేదు.

మూడు నెలలు రొట్టెలక్క ఆ చాప మీద కళ్లు తెరుచుకుని పడుకుంది. నాలుగో నెలలో ఒకరోజు హాలు ఖాళీ అయ్యాక, స్తంభం దగ్గర గిన్నె తుడుచుకుంటున్న భిక్షుణమ్మ ముందు కూర్చుని మొత్తం కక్కేసింది. నవ్విన సంగతి చెప్పింది. ఆయన అన్న మాట మాత్రం చెప్పలేదు.

భిక్షుణమ్మ గిన్నె పక్కన పెట్టింది. "తోయాలని తలపెట్టుకుని పడుకున్నావా?"

"లేదమ్మా."

"నిద్రలో ఆపగలిగే పరిస్థితి ఉండీ తోశావా?"

"నిద్రలో ఏం ఆపుతాం?"

"మరింకేంటి? తలంపు పెట్టి చేసిందే కర్మ. కలలో చేసినదానికి దోషం లేదు. ఇది నా జాలి మాట కాదు, మా నియమమే అంత."

రొట్టెలక్కకు అంత తేలిగ్గా వదిలించుకోవడం నచ్చలేదు. "అయితే కలలో దానం చేస్తే పుణ్యం కూడా రాదా?"

"రాదు. కలలో పెట్టిన అన్నానికి ఎవరి ఆకలి తీరుతుంది?"

"మరి ఆయన పద్దెనిమిదో రోజే పోయాడు. కలకు అర్థం లేకుండానే పోయాడా?"

"కొన్ని కలలు కడుపు బాగోక వస్తాయి. కొన్ని పగలు చేసిన పనుల్లోంచి, కొన్ని భయంలోంచి, కోపంలోంచి. ఎక్కడో ఒకటి జరగబోయేది చూపిస్తుందని కూడా పెద్దవాళ్లు అన్నారు. కానీ ఏది ఏదో చూసేవాడికి తెలియదు. తెలియనిదాని మీద నిలబడి ఎవరికీ శిక్ష వెయ్యకు. నీకు నువ్వు కూడా. కలను కల అని తెలుసుకోవడం వరకే మన సాధన." ఆవిడ మళ్లీ గిన్నె చేతిలోకి తీసుకుంది. "అయిపోయింది."

ఆ రోజు రొట్టెలక్క ఎనిమిది గంటలు ఏకబిగిన నిద్రపోయింది. మూడు దాటినా లేవకపోతే భిక్షుణమ్మే ఎవరినీ లేపనివ్వలేదట. తర్వాత పద్నాలుగేళ్లు ఆమె పొయ్యి ముందు నిలబడిందంటే, పిండి చల్లి అంకెలు లెక్కపెట్టిందంటే, ఆడపడుచుతో కలిసి ఒకే కంచంలో తిన్నదంటే, అదంతా ఆ ఒక్క నియమం మీద నిలబడే. అది తీసేస్తే ఆమె మొగుణ్ని చంపిన మనిషి. ఆమె లెక్కలో ఈ రెంటికీ మధ్య ఇంకేమీ లేదు.

భిక్షుణమ్మ పోయింది. పెద్ద వయసు, చిన్న జ్వరం. ధ్యానశాల బాధ్యత కార్యదర్శి మీద పడింది. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి, అందుకని అందరూ తూనికలాయన అనేవారు. మంచివాడు. రాయి తక్కువ తూగిందని సొంత మేనమామ కొట్టుకే సీలు వేసినవాడు. చివరి రెండు నెలలూ భిక్షుణమ్మకు గంజి పట్టించి, బట్టలుతికి, కన్నకొడుకు చేసినట్టు చేశాడు. ఇదంతా చెప్పక తప్పదు. ఆయన చెడ్డవాడైతే ఈ కథ చాలా సులువయ్యేది.

ఆవిడ పోయిన పదకొండో నెలలో నోటీసు బోర్డు మీద కాగితం పడింది. భిక్షుణమ్మ కార్యదర్శికి కలలో దర్శనమిచ్చి, తన ఆసనం, గిన్నె, వస్త్రం తూర్పుగదిలో ప్రతిష్ఠించి దీపం పెట్టమని ఆదేశించినందున, చాపలు తీసివేయుట గురించి ఆదివారం ఉదయం పది గంటలకు సమావేశం.

పది గంటలకట. రాత్రంతా పనిచేసినవాళ్లకు ఉదయం పదంటే మిగతా లోకానికి రాత్రి రెండు. పైగా అక్కడ నిర్ణయాలు చేసే పద్ధతి వేరు. చేతులెత్తడం ఉండదు. విషయం మూడుసార్లు అడుగుతారు. ఒప్పుకున్నవాళ్లు మౌనంగా ఉండాలి, ఒప్పుకోనివాళ్లు మాట్లాడాలి. మూడోసారి కూడా మౌనమే అయితే పని ఖాయం. నిద్రపోయేవాడు మాట్లాడడు కదా. కాబట్టి వాచ్‌మన్ తాత గురక కూడా ఒప్పుకోలు కిందే లెక్క. తూనికలాయన ఇది ఆలోచించి పెట్టలేదు. ఆయన పగటి మనిషి, పది గంటలంటే ఆయనకు మంచి టైము.

శనివారం పొద్దున పడుకునే ముందు నీళ్లకుండ దగ్గర ఆడపడుచు వదిన చెవిలో వేసింది. "వదినా, నువ్వూ ఒక కల చెప్పెయ్. భిక్షుణమ్మ వచ్చి ఈ గది జోలికి ఎవరూ పోకూడదని అందని చెప్పు. ఆయన కలకి నీ కల చెల్లు."

"రాని కల వచ్చిందని చెప్పమంటావా పిల్లా?"

ఆడపడుచుకు యాభై రెండేళ్లు. వదినకు ఇంకా పిల్లే. "ఆయనది మాత్రం ఎవరు చూడొచ్చారు?"

"ఆయన అబద్ధం చెప్పడు. అదే వచ్చిన చిక్కు" అంది రొట్టెలక్క. "అయినా కలకి కల అడ్డం పెడితే, కలలకి అధికారం ఉందని ఒప్పుకున్నట్టే. రేపు ఇంకెవడికో ఇంకోటి వస్తుంది."

"అయితే రేపు చాపలు చుట్టుకుని ఇంటికి పోదాం. మనింటి కింద వెల్డింగు కొట్టు పెట్టారుగా, హాయిగా నిద్రపడుతుంది."

రొట్టెలక్క చాప దులిపి పరిచింది. ఆమెకు చెప్పాల్సిన మాట తెలుసు. అది ఎవరి ముందు చెప్పాల్సొస్తుందో కూడా తెలుసు. ఆ రోజు చాప మీద ఆడపడుచు వైపు వీపు తిప్పి పడుకుంది. గిట్టనివాళ్లతో మొదలుపెట్టి మేలు కోరుకోవాలి కాబట్టి తూనికలాయనతోనే మొదలుపెట్టింది. ఆయన సుఖంగా ఉండాలి, ఆరోగ్యంగా ఉండాలి, దయచేసి మన జోలికి రాకుండా ఉండాలి. మూడోది నియమంలో లేదు, ఆమె కలిపింది.

ఆదివారం పదయ్యేసరికి హాలు నిండింది. ముందు వరసల్లో పగటివాళ్లు తలస్నానాలు చేసి, ఇస్త్రీ బట్టలేసుకుని కూర్చున్నారు. వెనక గోడవార రాత్రివాళ్లు. ఫోన్లమ్మాయి తల అప్పుడే ఆయా భుజం మీద వాలింది. బస్సులు కడిగే ఆయన కళ్లు తెరిచే ఉన్నాడుగాని వాటిలో మనిషి లేడు. రొట్టెలక్క మాత్రం నిలబడింది. నిలబడితే నిద్రరాదని కాదు, పడితే మెలకువ వస్తుందని.

తూనికలాయన చేతులు జోడించాడు. "నేను అబద్ధమాడనని మీకు తెలుసు. పోయిన బుధవారం భిక్షుణమ్మ కలలో కనపడింది. తూర్పుగది గుమ్మంలో నిలబడి, ‘నా ఆసనం ఇక్కడ పెట్టండి’ అంది. ఆవిడ మాట తీసెయ్యడం నా వల్ల కాదు. మొదటిసారి అడుగుతున్నాను. ఒప్పుకుంటే మౌనంగా ఉండండి."

ముందు వరసల్లో భక్తి మౌనం, వెనక వరసలో నిద్ర మౌనం. వినడానికి రెండూ ఒకలాగే ఉన్నాయి.

"రెండోసారి అడుగుతున్నాను."

వాచ్‌మన్ తాత గురక పెట్టాడు. ముందు వరసలోంచి ఎవరో నవ్వారు.

"నేను ఒప్పుకోను" అంది రొట్టెలక్క.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. తూనికలాయన మర్యాదగానే అడిగాడు. "ఎందుకమ్మా? నా మాట నమ్మవా?"

"నమ్ముతాను. మీకు కనపడింది. నాకు కుళ్లుగా కూడా ఉంది. పదకొండు నెలలుగా చూస్తున్నా, నాకు ఒక్కసారి కూడా కనపడలేదు. కానీ అయ్యా, అది కల. ఆ గదిలో అయితే విని అయిపోయింది అనేవాళ్లం."

"మామూలు కలలకు ఆ పద్ధతి. ఇది ఆజ్ఞ."

"ఏది ఆజ్ఞో ఏది అజీర్తో తూచడానికి మీ దగ్గర తక్కెడ ఉందా?"

హాల్లో కలకలం రేగింది. ముందు వరసలోని ఒక పెద్దాయన, "రొట్టెలు కాల్చే మనిషికి ధర్మం మీద వాదనలెందుకమ్మా, కూర్చో" అన్నాడు.

"రొట్టెలు తినేటప్పుడు అడగలేదుగా ఎవరు కాల్చారని" అని ఆయన వైపు చూడకుండానే అనేసి, మళ్లీ తూనికలాయనతో అంది. "తక్కెడ ఉంటే నా కల కూడా అందులో వెయ్యండి. ఒకే తక్కెడ, ఒకే రాయి."

చెప్పబోయి ఆగింది. పక్కనే గోడకానుకుని ఆడపడుచు తనవైపే చూస్తోంది. వదిన గెలవాలని చూస్తోంది. కట్టుకథ చెప్పబోతోందేమోనన్న ఆశ కూడా ఆ మొహంలో ఉంది. కూర్చుంటే అయిపోయేది. చాపలు పోతే పోతాయి, ఈ ఒక్క మనిషి మిగులుతుంది. పద్నాలుగేళ్లుగా ఆ మనిషిని అలాగే మిగుల్చుకుంది. కానీ కలకు అధికారం ఉందని తూనికలాయన నోట వచ్చి, ఆ మాటకు హాలు హాలంతా మౌనంగా తల ఊపాక, రేపటినుంచి ఏ మొహంతో ఆమె పక్కన కూర్చుని అన్నం తింటుంది?

"పద్నాలుగేళ్ల కింద మా ఆయన పొయ్యి ముందు పోయాడు. గుండె ఆగిందన్నారు. అది మీకు తెలుసు. తెలియనిది ఇంకోటుంది. దానికి పద్దెనిమిది రోజుల ముందు నాకు కల వచ్చింది. ఈ రెండు చేతులతో ఆయన్ని పొయ్యిలోకి తోశాను. తోసి నవ్వాను కూడా."

ఫోన్లమ్మాయి నిద్రలోంచి తల ఎత్తింది. ఆమె తల పెట్టుకున్న భుజం కదిలింది.

"అది నేను ఈ స్తంభం దగ్గరే భిక్షుణమ్మకు చెప్పాను. కలలో చేసినదానికి దోషం లేదు, మా నియమమే అంత అంది. నేను నమ్మాను. నమ్మి బతికాను. కలలో చేసినదానికి దోషం లేకపోతే, కలలో విన్నదానికి అధికారం కూడా ఉండదు. అలా కాదు, మీ కల ఆజ్ఞే అంటారా? అయితే నా కల హత్య. రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి. చంపానంటే ఆ మెట్లు దిగి వెళ్లిపోతాను, మళ్లీ రాను. లేదంటే చాపలు అక్కడే ఉంటాయి. ఆవిడ పోయింది కదా అని నియమం మార్చుకుంటే మాత్రం ఊరుకోను."

రొట్టెలక్క కాలిన మచ్చలున్న ఆ చేతుల్ని కొంగుతో కప్పుకోలేదు, అందరికీ కనపడేలాగే ఉంచుకుంది.

హాల్లో ఎవరూ తూనికలాయన వైపు చూడట్లేదు. అందరూ ఆయా వైపు చూస్తున్నారు. పోయినవాడి చెల్లెలు ఆమె.

ఆయా గోడ పట్టుకుని లేచింది. లేవడానికి చాలాసేపు పట్టింది. వదిన వైపు చూసింది, వదిన చేతుల వైపు చూసింది. మొహం ఎర్రగా ఉంది. కొడుతుందేమో అనుకున్నారు కొందరు. రొట్టెలక్క కూడా అదే అనుకుంది, అయినా పక్కకు జరగలేదు.

"పద్నాలుగేళ్లు మోశావా ఇది? నాకు చెప్పకుండా?"

"మోశాను."

ఆయా ముక్కు ఎగబీల్చింది. తర్వాత తూర్పుగది నీళ్లకుండ దగ్గర చెప్పినట్టే, ఎక్కువా తక్కువా కాకుండా అంది. "అయిపోయింది, వదినా."

రొట్టెలక్కకు అప్పుడు ఏడుపొచ్చింది. కూర్చోలేదు. నిలబడే ఏడ్చింది.

తూనికలాయన కళ్లద్దాలు తీసి తుడిచాడు. మేనమామ కొట్టుకు సీలు వేసిన రోజు కూడా ఆయన మొహం ఇలాగే ఉండి ఉంటుంది. తప్పు తూకమని తెలిశాక మాట్లాడకుండా ఉండడం ఆయనకు చేతకాదు. అయినా పద్ధతి పద్ధతే. "మూడోసారి అడుగుతున్నాను" అన్నాడు. ఆ గొంతులో ఈసారి ఒప్పుకొమ్మనే ధోరణి లేదు.

"ఒప్పుకోను" అంది ఆయా. "ఒప్పుకోను" అంది ఫోన్లమ్మాయి. బస్సులు కడిగే ఆయన కళ్లలోకి మనిషి తిరిగొచ్చి, ఆయనా అన్నాడు. ఎవరో మోచేత్తో పొడిస్తే వాచ్‌మన్ తాత ఉలిక్కిపడి, "నేనూ ఒప్పుకోను. దేనికో తర్వాత చెప్పండి" అన్నాడు. తర్వాత ముందు వరసల్లోంచి వచ్చాయి. ఇస్త్రీ బట్టలవాళ్లు, తలస్నానాలవాళ్లు ఒక్కొక్కరే. గురక మీద ధ్యానం చేసినాయన అందరికంటే గట్టిగా అన్నాడు. ‘కూర్చో’ అన్న పెద్దాయన మాత్రం చివరిదాకా మౌనంగానే ఉన్నాడు. ఉండనివ్వండి, ఒక్క మౌనంతో చాపలు లేవవు.

జనం మెట్లు దిగాక తూనికలాయన స్తంభం దగ్గర ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. రొట్టెలక్క తూర్పుగదికి వెళ్తూ ఆగింది. కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు, కానీ అడగకుండా వెళ్లడం ఆమె వల్ల కాలేదు.

"ఎలా ఉందయ్యా ఆవిడ?"

"మామూలుగానే. గిన్నె చంకలో పెట్టుకుని." ఆయన తన అరచెయ్యి చూసుకున్నాడు. "జ్వరం లేదు. నేను నుదురు ముట్టుకుని చూద్దామనుకునేలోపు మెలకువొచ్చేసింది."

ఈయనకూ ఆవిడ లేక తోచట్లేదని రొట్టెలక్కకు అప్పటిదాకా తట్టలేదు. "అయిపోయింది" అంది మెల్లగా. తర్వాత మామూలు గొంతుతో, "ఈసారి మీటింగు సాయంత్రం నాలుక్కి పెట్టండి" అని లోపలికి వెళ్లింది.

గదిలో నల్లగుడ్డ దించి ఉంది. వాచ్‌మన్ తాత అప్పుడే తన పని మొదలుపెట్టాడు. రొట్టెలక్క చాప మీద వాలి, ఈసారి ఆడపడుచు వైపే తిరిగి పడుకుంది. పక్క చాప మీద ఆయా వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తోంది.

"వదినా."

"ఊఁ."

"నవ్వానన్నావు. ఎందుకు నవ్వావు?"

రొట్టెలక్క భిక్షుణమ్మకు కూడా చెప్పని మాట అది. "తోశాక మీ అన్న లోపల్నుంచి ఒక మాటన్నాడు."

"ఏమన్నాడు?"

"‘తలుపు వెయ్యి, వేడి పోతుంది’ అన్నాడు."

ఆయా ఊపిరి ఆగినట్టయింది. తర్వాత ఆమె చాప కదలడం మొదలైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. ఆమెను చూసి రొట్టెలక్కకూ ఆగలేదు. పద్నాలుగేళ్లలో మొదటిసారి, ఏ భయమూ లేకుండా, ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. వాచ్‌మన్ తాత గురక ఆపి, "నిద్రపోయే చోట నిద్రపోనివ్వరేంటర్రా" అని విసుక్కున్నాడు.

"మా అన్నే" అంది ఆయా, కళ్లు తుడుచుకుంటూ. "వచ్చింది మా అన్నే."